తెరపై తెలుగు మీటలు: డెస్క్‌టాప్‌లో కీబోర్డుకు చోటు – నల్లగొండ, మహబూబ్‌నగర్ నేపథ్యంలో చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

కంప్యూటర్ తెరమీద అక్షరాల మీటలను చూపే ఏర్పాటును సాధారణంగా ఒక సౌకర్యంగానే పరిగణిస్తారు. తెలుగు లిపి విషయంలో దానికి అంతకు మించిన చరిత్ర ఉంది. అచ్చుకూటంలో కంటికి కనిపించే అరల్లో ఉన్న తెలుగు అక్షరం టైపురైటరులో ముక్కలై, కంప్యూటరు కీబోర్డు మీద పూర్తిగా కనుమరుగైంది. తెరపై కీబోర్డు ఆ అక్షరాన్ని మళ్ళీ కంటి ముందుకు తెచ్చింది. అయితే డెస్క్‌టాప్ అమరికలో దానికి చోటు కల్పించడం ఒక కొత్త సమస్య అయింది. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పత్రికాచరిత్ర, ఊరిపేర్లు, శాసనభాష, ఆరోగ్యస్థితి ఆధారంగా ఈ సమస్యను పరిశీలించి, తెరపై కీబోర్డుకు ఎంత చోటు అన్న ప్రశ్న, అందులో ఏయే అక్షరాలకు చోటు అన్న ప్రశ్న వేరు కావని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: తెలుగు లిపి, తెరపై కీబోర్డు, డెస్క్‌టాప్, ఇన్‌స్క్రిప్ట్, యూనికోడ్, పొల్లు, దక్షిణ తెలంగాణ, స్థలనామాలు.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో రాయడానికి కంప్యూటర్ ముందు కూర్చున్న వ్యక్తికి మొదట కనిపించేవి ఆంగ్లాక్షరాలు. మీటల మీద తెలుగు ఉండదు. ఏ మీట కింద ఏ అక్షరం దాగి ఉందో జ్ఞాపకం పెట్టుకోవాలి, లేదా తెలుగు మాటను మనసులో ఆంగ్లాక్షరాల్లోకి మార్చుకొని కొట్టాలి. ఈ రెండు మార్గాలూ ఎరగనివారికి మిగిలేది తెర. మీటల బొమ్మను తెరమీదనే గీసి, దానిని మౌస్‌తో గాని వేలితో గాని నొక్కే ఏర్పాటు తెరపై కీబోర్డు.

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు ఈ పరిశీలనకు అనువైన క్షేత్రం కావడానికి మూడు కారణాలు ఉన్నాయి. మొదటిది, తెలంగాణలో తెలుగు పత్రికల తొలి ప్రయత్నాల్లో కొన్ని ఈ నేలమీదనే జరిగాయి. రెండవది, నిజాం పాలన మిగిల్చిన ఉర్దూ, పారసీక పదాలు ఇక్కడి ఊరిపేర్లలో, పరిపాలన భాషలో తెలుగుతో కలిసిపోయి, లిపికి ప్రత్యేకమైన చిక్కులు తెచ్చాయి. మూడవది, నల్లగొండ ప్రాంతాన్ని పట్టి పీడించిన ఫ్లోరైడ్ సమస్య, తెరపై కీబోర్డు అసలు ఎవరి కోసం పుట్టిందో గుర్తుచేస్తుంది. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణతో, 2019లో నారాయణపేట ఏర్పాటుతో ఈ రెండు జిల్లాలూ అనేక జిల్లాలయ్యాయి. ఈ వ్యాసంలో వాటి పాత విస్తీర్ణమే పరిగణన.

2. అరల పెట్టె నుండి మీటల వరుసకు:

మహబూబ్‌నగర్ నుండి 1913లో ‘హితబోధిని’, నల్లగొండ నుండి 1922లో షబ్నవీసు వెంకటరామనరసింహారావు సంపాదకత్వంలో ‘నీలగిరి పత్రిక’ వెలువడ్డాయి. అలంపురం ప్రాంతానికి చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో హైదరాబాదు నుండి ‘గోలకొండ పత్రిక’ను ప్రారంభించారు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవులతో ఆయన ‘గోలకొండ కవుల సంచిక’ను 1934లో తెచ్చారు. పాలనలో ఉర్దూ పైచేయిగా ఉన్న కాలంలో తెలుగుకు అచ్చులో చోటు సంపాదించే ప్రయత్నాలు ఇవి.

ఆనాటి అక్షరకూర్పు చేతిపని. కంపోజిటరు ముందు చెక్కపెట్టె ఉంటుంది, అందులో అరలు ఉంటాయి, ఒక్కో అరలో ఒక్కో అక్షరం లేదా ఒత్తు ఉంటుంది. గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాక్షరాలు కలుపుకొంటే తెలుగుకు అవసరమయ్యే అరల సంఖ్య ఆంగ్లంకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. పని నెమ్మది. కానీ ఆ పెట్టెలో ఒక గుణం ఉంది. లిపిలో ఉన్నదంతా కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది. అరసున్నకు ఒక అర, బండిరకు ఒక అర ఉంటాయి. పెట్టె ఎంత పెద్దదైతే లిపి అంత పూర్తిగా ఉంటుంది. దానికి తగినంత బల్ల కావాలి, అంతే.

టైపురైటరుతో ఆ స్వేచ్ఛ పోయింది. ఆంగ్లం కోసం తయారైన యంత్రంలో మీటల సంఖ్య దాదాపు స్థిరం. ఆ కొద్ది మీటల్లో తెలుగును ఇమడ్చడానికి అక్షరాలను ముక్కలు చేశారు. గుణింతపు గుర్తులు, ఒత్తులు విడి మీటలయ్యాయి. కాగితాన్ని ముందుకు జరపని మీటలతో ఒక ముక్క మీద మరో ముక్కను అచ్చువేయవలసి వచ్చింది. 1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వచ్చిన తరువాత కార్యాలయాల్లో తెలుగు వాడకం ప్రభుత్వ బాధ్యత అయింది. ఆ బాధ్యతను మోయవలసిన పనిముట్లలో ముఖ్యమైనది ఈ టైపురైటరే. ఏ అక్షరాలు మీటలకు ఎక్కలేదో అవి కార్యాలయ తెలుగులోనుంచి క్రమంగా తప్పుకొన్నాయి. లిపి పరిధిని భాషావసరం కాక యంత్రపు వైశాల్యం నిర్ణయించడం ఇక్కడ మొదలైంది.

3. ప్రామాణిక పలక – కనిపించని అక్షరం:

భారతీయ భాషల కంప్యూటరీకరణకు కాన్పూరు ఐఐటీలో, తరువాత పుణెలోని సీడాక్‌లో జరిగిన కృషి పునాది. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును ప్రామాణికం చేసి, 1988లో సవరించింది. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 13194 పేరుతో ఇస్కీ సంకేతవిధానాన్ని ఆమోదించింది.

ఇన్‌స్క్రిప్ట్ అమరికలో భారతీయ వ్యాకరణ సంప్రదాయపు ముద్ర స్పష్టం. అచ్చులు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి వస్తాయి. అల్పప్రాణం నేరుగా, అదే మీట మీద షిఫ్ట్‌తో మహాప్రాణం పలుకుతాయి. క ఉన్న మీట మీదనే ఖ, గ ఉన్న మీట మీదనే ఘ ఉంటాయి. తెలుగు, కన్నడ, దేవనాగరి అన్నిటికీ ఒకే అమరిక. టైపురైటరులా ఆకారాన్ని కాక ఉచ్చారణక్రమాన్ని అనుసరించడం దాని గొప్పతనం. ఒత్తుకు వేరే మీట అక్కరలేదు. హల్లు, పొల్లు, హల్లు కొడితే తెర తానే ఒత్తును కూర్చుతుంది.

ఇంత శాస్త్రీయమైన అమరిక సామాన్యులకు చేరకపోవడానికి ప్రధాన కారణం సిద్ధాంతంలో కాక వస్తువులో ఉంది. అంగట్లో దొరికే కీబోర్డుల మీద తెలుగు చెక్కి ఉండదు. అమరిక యంత్రం లోపల ఉంది, కంటి ముందు లేదు. అచ్చుకూటపు పెట్టెలో అరలన్నీ తెరిచి ఉండేవి. ఇక్కడ అరలన్నీ మూసి, పైన వేరే భాష పేర్లు రాసినట్లు అయింది.

ఇదే 1991లో యూనికోడ్ తొలి కూర్పు వెలువడింది. తెలుగుకు 128 స్థానాల విభాగం దక్కింది. యూనికోడ్ ప్రతిపాదనను తొలుత రూపొందించినవారిలో ప్రముఖుడు జోసెఫ్ బెకర్. ఆయన జిరాక్స్ సంస్థలో పనిచేశారు. 1981లో వెలువడిన జిరాక్స్ స్టార్ కంప్యూటరును బహుభాషా రచనకు సిద్ధం చేసే కృషిలో ఆయన పాత్ర ఉంది. ఆ యంత్రంలో ఏ లిపిలో రాస్తుంటే ఆ లిపి కీబోర్డు బొమ్మను తెరమీద చూపే ఏర్పాటు ఉండేది. ప్రపంచ లిపులన్నిటికీ ఒకే సంకేతమాల ఉండాలన్న ఆలోచన, మీటల బొమ్మ తెరమీద కనిపించాలన్న ఆలోచన ఒకే చోట పెరిగాయన్నమాట. తరువాతి కాలంలో మొదటిది ప్రపంచవ్యాప్త ప్రమాణమైంది. రెండవది డెస్క్‌టాప్ అంచులకే పరిమితమైంది.

4. ఆంగ్లాక్షరాల దారి:

అక్షరం కనిపించని లోటును తెలుగువారు రెండు విధాలుగా పూరించుకున్నారు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగు విద్యార్థుల కృషితో రూపొందిన ఆర్టీఎస్ లిప్యంతరీకరణ మొదటిది. ఆంగ్లాక్షరాల్లో కొట్టిన మాటను యంత్రం తెలుగులోకి మారుస్తుంది. వీవెన్ రూపొందించిన లేఖిని ఈ పద్ధతిని అంతర్జాలంలో అందరికీ అందుబాటులోకి తెచ్చింది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా వంటి వేదికల్లో రచన పెరగడానికి ఈ పద్ధతి ఎంతో తోడ్పడింది.

రెండవ మార్గం డీటీపీ కేంద్రాలది. అను ఫాంట్ల వంటి వ్యవస్థల్లో నేర్పు సంపాదించిన ఆపరేటర్లు కరపత్రం నుండి సిద్ధాంతగ్రంథం వరకు కూర్చారు. అచ్చుకు అది చక్కగా సరిపోయింది. కానీ ఆ అక్షరాలు యూనికోడ్ కావు. వేరే యంత్రంలో తెరిస్తే అర్థంలేని గుర్తులుగా కనిపిస్తాయి, వెతికితే దొరకవు. ఆ పద్ధతిలో కూర్చిన సిద్ధాంతగ్రంథాన్ని అంతర్జాలంలో పెట్టాలంటే ముందు యూనికోడ్‌లోకి మార్చి, మార్పిడిలో దొర్లిన తప్పులను మళ్ళీ సరిచూసుకోవాలి.

ఈ రెండు మార్గాలకూ ఒక సామాన్య లక్షణం ఉంది. మొదటిదానికి ఆంగ్ల అక్షరజ్ఞానం, రెండవదానికి మధ్యవర్తి కావాలి. తెలుగు మాత్రమే చదవడం, రాయడం వచ్చిన వ్యక్తి తన అక్షరాన్ని తానే ఎంచుకొని నొక్కే మార్గం వీటిలో లేదు. నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడ్డాయి. 2011లో మీసేవ మొదలైంది. ఉన్నతవిద్య, పౌరసేవలు రెండూ కంప్యూటర్ ముందుకు వచ్చిన ఈ కాలంలో ఆ మూడవ మార్గం అవసరం కళ్ళకు కట్టింది.

5. తెరపైకి వచ్చిన కీబోర్డు – డెస్క్‌టాప్‌లో చోటు:

విండోస్ 2000లో తెరపై కీబోర్డు వ్యవస్థలో భాగంగా వచ్చింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ తెలుగు లిపికి ఆదరణ ఇచ్చి, గౌతమి ఫాంటును అందించింది. ఈ రెండూ కలిసినప్పుడు ఒక ముఖ్యమైన మార్పు జరిగింది. భాషను తెలుగుకు మార్చుకుంటే తెరమీది మీటలపై తెలుగు అక్షరాలే కనిపిస్తాయి. కంపోజిటరు పెట్టె మూత మళ్ళీ తెరుచుకుంది. లినక్స్ వైపు గ్నోమ్ డెస్క్‌టాప్, ఉబుంటులోని ఆన్‌బోర్డ్ వంటివి ఇదే సౌకర్యాన్ని అందించాయి.

చిక్కు అక్కడే మొదలైంది. డెస్క్‌టాప్ అన్న భావనకు మూలం బల్లమీద పరచిన కాగితాలు. కాగితాలు ఒకదానిమీద ఒకటి పడవచ్చు. పైనున్నది కిందిదానిని కప్పుతుంది. కీబోర్డు కాగితం కాదు. అది అన్నిటికీ పైన ఉండాలి, కానీ దేనినీ కప్పకూడదు. పైగా దానిని నొక్కినప్పుడు రాస్తున్న కాగితం ఎంపిక చెదరకూడదు. మామూలు విండోను నొక్కితే అదే క్రియాశీలమవుతుంది. కీబోర్డు విండో మాత్రం నొక్కుడును అందుకొని, అక్షరాన్ని పక్క విండోకు పంపి, తాను తెరవెనుక ఉండాలి. డెస్క్‌టాప్ నియమాలకు ఇది మినహాయింపు.

ఈ మినహాయింపుకు మూడు రకాల పరిష్కారాలు వచ్చాయి.

మొదటిది తేలే కీబోర్డు. అది ఒక చిన్న విండోగా తెరమీద ఎక్కడైనా ఉంటుంది. రాసే వరుసను కప్పినప్పుడల్లా దానిని పక్కకు జరపాలి. రాయడం, జరపడం వంతులవారీ పనులవుతాయి.

రెండవది అంచుకు కట్టిన కీబోర్డు. తెర అడుగున ఒక పట్టీని దానికే కేటాయించి, మిగిలిన విండోలు ఆ పట్టీలోకి రాకుండా చూస్తారు. విండోస్‌లో టాస్క్‌బార్ ఇలాంటి కేటాయింపుతోనే అంచున నిలుస్తుంది. లినక్స్ డెస్క్‌టాప్‌లలో కూడా ఫ్రీడెస్క్‌టాప్ ప్రమాణం ప్రకారం ఒక విండో తనకు అంచున ఇంత చోటు కావాలని ముందే ప్రకటించవచ్చు. విండో నిర్వాహకం మిగతా విండోలను ఆ మేరకు కుదిస్తుంది. తరువాతి విండోస్ కూర్పుల్లో తెరపై కీబోర్డును అంచుకు కట్టే మీట, పారదర్శకంగా పలచబరిచే మీట రెండూ చేరాయి. పలచబరిస్తే కింది పాఠం కనిపిస్తుంది కానీ, తెలుగు ఒత్తుల మీద తెలుగు మీటల గీతలు పడితే రెండూ చదవలేం.

మూడవది ఫోన్ల నుండి వచ్చిన పద్ధతి. రాసే గడిని తాకితే కీబోర్డు లేస్తుంది, ముగియగానే దిగిపోతుంది. ఫోన్‌లో ఒక సమయంలో సాధారణంగా ఒకే పుట కనిపిస్తుంది కనుక అది సులువు. అనేక విండోలున్న డెస్క్‌టాప్‌లో రాసే గడి ఎక్కడుందో ప్రతి అనువర్తనమూ వ్యవస్థకు తెలపాలి. తెలపని అనువర్తనంలో కీబోర్డు లేవదు, లేదా రాసే గడినే కప్పుతుంది.

తెలుగుకు ఈ లెక్క మరింత బిగుతు. ఉదాహరణకు 1366 × 768 చుక్కల తెరను తీసుకోవచ్చు. అడుగున మూడోవంతు, అంటే 256 చుక్కలు కీబోర్డుకు ఇస్తే 512 మిగులుతాయి. టాస్క్‌బార్‌కు 40, రాతసాధనం పైపట్టీలకు 172 పోతే 300 మిగులుతాయి. తలకట్టు, దీర్ఘాలు పైన, ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’ వంటి మాటల్లో రెండంతస్తుల ఒత్తులు కింద ఉంటాయి కాబట్టి తెలుగు వరుసకు 30 చుక్కలు వేసుకుంటే కనిపించేవి 10 వరుసలు. వరుసకు 20 చుక్కలు చాలిన లిపికి అదే చోటులో 15 వరుసలు వస్తాయి. మీటల మీద కూడా ఇదే తేడా. ఘ, ఝ, ఢ వంటి అక్షరాలు చిన్న మీటమీద అలుక్కుపోతాయి. మీట పెంచితే పుట తగ్గుతుంది, పుట పెంచితే మీట చదవరాదు. రెండు వైపులా ఇరుక్కున్నది లిపే.

6. ఊరిపేరే పరీక్ష:

ఎంత చోటు అన్నదానికి తోడు, ఏ అక్షరాలకు చోటు అన్న ప్రశ్న ఉంది. దీనికి మహబూబ్‌నగర్ అన్న పేరు చక్కటి పరీక్ష. పూర్వం పాలమూరుగా పిలిచే ఈ పట్టణానికి 1890లో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు పెట్టారు. అరబీ పదానికి ‘నగర్’ చేరగా ఏర్పడిన సమాసం ఇది.

తెలుగు ప్రధానంగా అజంతభాష. దేశ్యపదాల చివర సాధారణంగా అచ్చు ఉంటుంది. అందువల్ల పాతతరం ముద్రణలో ‘హైదరాబాదు’, ‘మహబూబునగరం’ వంటి రూపాలు సాధారణం. అన్యదేశ్యాన్ని అజంతం చేసి కలుపుకోవడం అప్పటి రీతి. పలికినట్లు రాయాలన్న ధోరణి పెరిగాక ‘మహబూబ్’, ‘నగర్’ అని హలంతంగా రాయడం స్థిరపడింది. ఇప్పుడు యంత్రానికి సమస్య వచ్చింది. బకారం, పొల్లు, నకారం వరుసగా వస్తే అది వాటిని కలిపి ‘మహబూబ్నగర్’ అని నకారాన్ని ఒత్తుగా వేస్తుంది. యంత్రం తన నియమాన్ని తప్పలేదు. ఊరిపేరు మాత్రం తప్పింది.

ఇస్కీలో దీనికి సరళమైన పరిష్కారం ఉండేది. పొల్లును రెండుసార్లు కొడితే అది తరువాతి హల్లుతో కలవదు. యూనికోడ్‌లో పొల్లు తరువాత వెడల్పు లేని ఒక అదృశ్య గుర్తును చేర్చాలి. దానిని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. తెలుగులో ‘విడదీత గుర్తు’ అనుకోవచ్చు. అప్పుడు మహబూబ్‌నగర్ అన్న పేరు 11 సంకేతాల వరుస అవుతుంది, అందులో ఏడవది కంటికి కనిపించదు. కనిపించే మీటను రెండుసార్లు నొక్కే పద్ధతి పోయి, కనిపించని గుర్తును జ్ఞాపకంతో చేర్చే పద్ధతి వచ్చింది.

ఈ ప్రాంతపు పేర్లలో ఇది అడుగడుగునా ఎదురవుతుంది. హుజూర్‌నగర్, షాద్‌నగర్ పేర్లలో హల్లులు కలవకూడదు. జడ్చర్ల అన్న పేరులో మాత్రం డకారం చకారంతో, రేఫం లకారంతో కలవాలి. నాగర్‌కర్నూల్ ఇంకా విలక్షణమైనది. మొదటి రేఫం కకారంతో కలవకూడదు, రెండవ రేఫం నకారంతో కలవాలి. ఒకే మాటలో ఒకే హల్లుకు రెండు విధులు. ఏది కలవాలో ఏది విడిపోవాలో యంత్రం ఊహించలేదు, రాసేవారే చెప్పాలి. విభక్తి చేరితే ‘మహబూబ్‌నగర్‌లో’ అన్నప్పుడు విడదీత గుర్తు రెండుసార్లు కావాలి.

మీట దొరకనివారు ఏం చేస్తారో ముద్రిత పత్రాలే చెబుతాయి. కొందరు ‘మహబూబ్ నగర్’ అని ఖాళీ వదులుతారు, కొందరు ఒత్తుపడ్డ రూపాన్నే ఉంచుతారు. మనిషి మూడింటినీ ఒక్క ఊరుగానే చదువుకుంటాడు. అక్షరానికి అక్షరం పోల్చే యంత్రానికి అవి మూడు వేర్వేరు మాటలు. ఒక జిల్లా పత్రికల సూచిక తయారుచేసే పరిశోధకునికి, స్థలనామాల పట్టిక కూర్చే విద్యార్థికి, ఒక రూపంతో వెతికితే మిగిలిన రెండు రూపాల్లో ఉన్న సమాచారం జారిపోవచ్చు. చరిత్రలో చోటు కోసం సంచిక వేయవలసి వచ్చిన ప్రాంతానికి ఈ జారిపోవడం చిన్న విషయం కాదు.

తెరపై కీబోర్డు ఈ చిక్కును తేలికగా విప్పగలదు. చెక్కిన మీటల పలక మీద కొత్త మీట పుట్టదు. తెరమీద పుట్టించవచ్చు. పొల్లు పక్కనే విడదీత గుర్తుకు ఒక మీట వేసి, దానిమీద విడివిడిగా నిలిచిన రెండు హల్లుల బొమ్మ గీస్తే అదృశ్యమైన గుర్తు దృశ్యమవుతుంది. ఫోన్ల కీబోర్డుల నమూనాలో మీటల సంఖ్య తగ్గించాలన్న తొందరలో మొదట తీసివేసేది ఇలాంటి గుర్తులనే. అందువల్ల తెరపై కీబోర్డు వచ్చినంతమాత్రాన సమస్య తీరదు, దానిలో ఏవి కనిపిస్తాయన్నది నిర్ణయించాలి.

7. పాత అక్షరాలకు కొత్త అరలు:

సాహిత్య, శాసన పరిశోధకులకు ఈ ప్రశ్న ఇంకా విస్తరిస్తుంది. కావ్యపాఠానికి అరసున్న, బండిర కావాలి. పాలమూరు మాండలికాన్ని, పాటలను ఉచ్చారణ చెడకుండా నమోదు చేయాలంటే దంత్య చజలకు ౘ, ౙ కావాలి. ఈ రెండక్షరాలూ, అవగ్రహమూ, తెలుగు భిన్నాంకాల గుర్తులూ 2008లో యూనికోడ్ 5.1తో చేరాయి. ప్రాచీన శాసనాల్లో కనిపించే ఴ అక్షరం 2014లో చేరింది. అలంపురం, పానగల్లు వంటి శాసనక్షేత్రాలున్న ఈ రెండు జిల్లాల పరిశోధనకు ఇవి అలంకారాలు కావు.

యూనికోడ్‌లో స్థానం దొరకడం ఒక మెట్టు, ఫాంటులో ఆకారం దొరకడం రెండవ మెట్టు, మీట దొరకడం మూడవ మెట్టు. మొదటి రెండూ ఎక్కి మూడవ మెట్టు దగ్గర ఆగిన అక్షరం వాడుకలోకి రాదు. 1980లలో స్థిరపడిన అమరికలో 2008లో చేరిన అక్షరానికి మీట లేకపోవడం సహజం. తెరపై కీబోర్డుకు ఈ బంధం లేదు. ప్రాచీన పాఠాలకు ఒక వరుసను విడిగా తెరిచి, పని ముగిశాక మూసే వీలుంది. ఇది కంపోజిటరు అరుదైన టైపును అడుగు అరలో ఉంచి, అవసరమైనప్పుడు లాగినట్లే.

8. చేతి కదలిక, కంటి చూపు:

తెరపై కీబోర్డు తొలుత ఉద్దేశించినది మామూలు మీటలను నొక్కలేని వారిని. విండోస్‌లోని సాధనంలో మీటను నొక్కడం, మీటపై కొంతసేపు నిలపడం, మీటలు వరుసగా వెలుగుతుండగా ఒకే స్విచ్‌తో ఎంచుకోవడం అనే మూడు పద్ధతులు ఉండటం దీనికి నిదర్శనం.

నల్లగొండకు ఇది దూరపు ముచ్చట కాదు. 1937లో ఉమ్మడి మద్రాసు రాష్ట్రపు తెలుగు ప్రాంతంలో దేశంలోనే తొలిసారి ఫ్లోరోసిస్‌ను గుర్తించారు. తరువాతి కాలంలో ఆ వ్యాధికి నల్లగొండ పేరు దాదాపు పర్యాయమైంది. నీటినుండి ఫ్లోరైడ్‌ను పటికతో, సున్నంతో తొలగించేలా నీరీ సంస్థ రూపొందించిన ప్రక్రియకు ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరు స్థిరపడింది. ఎముకలకు సోకిన ఫ్లోరోసిస్ కీళ్ళను, వెన్నును బిగుసుకునేలా చేస్తుంది. చేయి చాచి వరుసలన్నీ అందుకోలేని వ్యక్తికి, చిన్న కదలికతో తెరమీద తిరిగే మౌస్ గుర్తు చదువుకు, ఉద్యోగానికి మార్గం కాగలదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, సమాచార సాంకేతికత అందుబాటును హక్కుల పరిధిలోకి తెచ్చింది.

ఇక్కడ మీటల సంఖ్య మరో రకంగా ముఖ్యమవుతుంది. వరుసగా వెలిగే పద్ధతిలో ఒక్కో సంకేతానికి వరుసను ఒకసారి, మీటను ఒకసారి ఎంచుకోవాలి. మహబూబ్‌నగర్ అన్న 11 సంకేతాల పేరుకు కనీసం 22 ఎంపికలు అవసరం. విడదీత గుర్తు మూడు మీటల కలయిక వెనుక దాగితే ఆ భారం మరింత పెరుగుతుంది. తన జిల్లా పేరును తప్పులేకుండా రాయడానికి ఎవరికి ఎంత శ్రమ పడుతుందన్నది అమరికను కూర్చినవారి చేతిలో ఉంటుంది.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. తెలుగు రాతసాధనాల చరిత్రను వేగం పెరిగిన చరిత్రగా మాత్రమే చూడటం చాలదు. అక్షరం కంటికి కనిపించడం, కనుమరుగు కావడం, మళ్ళీ కనిపించడం అన్న క్రమంలో చూస్తే అరల పెట్టెకు, తెరపై కీబోర్డుకు ఉన్న బంధుత్వం స్పష్టమవుతుంది.

2. డెస్క్‌టాప్‌లో తెరపై కీబోర్డుకు అంచున కేటాయించిన స్థిరమైన చోటు తెలుగుకు ఎక్కువ అనుకూలం. తేలే విండో, పలచబడే విండో ఒత్తులున్న లిపిని చదవనివ్వవు. ఆ చోటు ఎత్తును వాడుకరి మార్చుకోగలగాలి, తెలుగు వరుస ఎత్తు ఆధారంగా తొలి కొలత నిర్ణయించాలి.

3. పొల్లు, విడదీత గుర్తు పక్కపక్కన, ఒక్క నొక్కుతో అందేలా ఉండాలి. దక్షిణ తెలంగాణ స్థలనామాలు ఏ తెలుగు కీబోర్డు నమూనాకైనా పరీక్షాపట్టికగా ఉపయోగపడతాయి. నాగర్‌కర్నూల్, జడ్చర్ల, హుజూర్‌నగర్ సరిగా, తేలికగా రాయగలిగిన అమరిక మిగతా తెలుగుకూ సరిపోతుంది.

4. అరసున్న, బండిర, ౘ, ౙ, ఴ వంటి అక్షరాలకు విడి వరుస ఉండాలి. ఏవి ఉండాలో నిర్ణయించే బాధ్యతలో తెలుగుశాఖలకు వాటా ఉంది.

సిలికానాంధ్ర అందుబాటులోకి తెచ్చిన స్వేచ్ఛా ఫాంట్లలో ఒకదానికి సురవరం పేరు పెట్టారు. వార్తాపత్రికల అవసరాల కోసం దానిని రూపొందించారు. పాలమూరు పండితునికి అది తగిన గౌరవమే. ఆ ఫాంటులో ఆయన జిల్లా పేరు సరిగా పడాలంటే మాత్రం ఫాంటుకు ముందు మీట ఉండాలి. తెలుగు విశ్వవిద్యాలయ శాఖలు లిపి సంస్కరణల చరిత్రను బోధిస్తున్నాయి. ఆ బోధనలో కీబోర్డు అమరికను కూడా ఒక పాఠ్యాంశంగా చేర్చి, విద్యార్థుల చేత ఇక్కడి ఊరిపేర్ల పట్టికను ప్రతి కొత్త అమరిక మీద పరీక్షింపజేస్తే, ఏ అక్షరానికి చోటుందో, దేనికి లేదో యంత్రనిర్మాతలకు ఆధారాలతో చెప్పే స్థితి ఏర్పడుతుంది.